రెండు ఓఎస్‌లున్న ఇంటి సిస్టం ఆన్ కావడం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో బోలెడు. పారేయబుద్ధి కాక చాలామంది విండోస్‌ను ఉంచుకునే, పక్కన ఉబుంటునో లినక్స్ మింట్‌నో (రెండూ లినక్స్ రకాలే) వేసుకున్నారు. మంచి పని. కానీ ఒకే డిస్క్‌లో రెండు ఓఎస్‌లు (ఆపరేటింగ్ సిస్టంలు) ఉన్నప్పుడు స్టార్టింగ్‌లో వచ్చే చిక్కులు వేరే. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు జడ్చర్ల, వనపర్తి దాకా డిగ్రీ పిల్లలు, టీచర్లు, ఇంటి ముందు జిరాక్స్ మిషన్ పెట్టుకున్నవాళ్లు నన్ను అడిగే సందేహాలు అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ముందు ఒక్క మాట. సిస్టం ఎక్కనంత మాత్రాన ఫైళ్లు పోయినట్టు కాదు. తాళంచెవి పోతే ఇంట్లో సామాను పోదు కదా. పెళ్లి ఫోటోలు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్‌లు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు చాలాసార్లు డిస్క్‌లో భద్రంగానే ఉంటాయి. వాటిని పోగొట్టేది తొందరపడి కొట్టే ఫార్మాటే. కాబట్టి సిస్టం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ముందు చూడండి. ప్రశ్నలను కూడా ఆ దశల ప్రకారమే పెట్టాను.

ఆదేశాలను, తెర మీద వచ్చే మాటలను పలికే తీరులో తెలుగులో రాశాను. మీరు మాత్రం ఇంగ్లిష్‌లో, వేరేగా చెప్పనిచోట చిన్న అక్షరాల్లో కొట్టాలి.

## బటన్ నొక్కాక, తెర వెలగకముందు

ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద మాత్రం ఏం రాదు. ఓఎస్ కరాబైందా?

కాదు. కంపెనీ లోగో కూడా రాలేదంటే పని ఇంకా ఓఎస్ దాకా పోలేదు. విండోస్‌నూ లినక్స్‌నూ అనుమానించకండి. పాత డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా దొరికేది ర్యామ్. స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్‌ను కాసేపు అదిమి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. రెండు వైపులా క్లిప్పులు వంచితే ర్యామ్ పైకి లేస్తుంది. కింది అంచున బంగారు రంగు పళ్లుంటాయి. వాటిని పిల్లల పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, గాడిని చూసుకుని తిరిగి పెట్టండి. రెండు క్లిప్పులూ టక్కుమని వాటంతటవే పడాలి. ఒక వైపే పడితే ర్యామ్ సరిగ్గా కూర్చోలేదన్నమాట. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటి విడిగా పెట్టి చూడండి.

విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టంలో మానిటర్ వైరును ఆ కార్డుకే పెట్టారో లేదో కూడా చూసుకోండి. బీప్‌లు వస్తే పొడుగువి ఎన్ని, పొట్టివి ఎన్ని అన్నది రాసుకోండి. వాటి అర్థం బోర్డును బట్టి మారుతుంది కాబట్టి మదర్‌బోర్డు పుస్తకంలోనే చూడాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ పాతది చూపిస్తుంది, ఎఫ్1 నొక్కమంటుంది. ఇప్పుడు ఏ ఓఎస్ ఎక్కుతలేదు. రెండూ ఒకేసారి ఎట్ల పోతయ్?

రెండూ పోలేదు. మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే గడియారాల దుకాణంలో కూడా ఇస్తారు. 3 వోల్టులది, రూపాయి బిళ్లలా ఉంటుంది. పక్కనున్న చిన్న క్లిప్పును గోరుతో తోస్తే పాతది పైకి లేస్తుంది. కొత్తదాన్ని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి.

బ్యాటరీ మార్చడంతో పని అయిపోదు. పాత బోర్డుల్లో బ్యాటరీ పోతే బయోస్ (ఓఎస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు ఫ్యాక్టరీవి అయిపోతాయి. అప్పుడు మూడు చూడాలి: తేదీ–టైమ్; బూట్ మోడ్ (ఓఎస్‌ను లేపే పద్ధతి) కొత్త యూఈఎఫ్ఐనా పాత లెగసీనా; సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐనా, ఐడీఈనా, రెయిడా. విండోస్, లినక్స్ వేసిన రోజున ఏది ఉందో అదే ఉండాలి. గుర్తు లేకపోతే ఒక్కోటి మార్చి చూడండి. అట్లా మార్చి చూసినంత మాత్రాన ఫైళ్లకేమీ కాదు. అన్నీ కుదిరాక బయోస్ పేజీలను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

ఎండాకాలం మధ్యాహ్నం ఆన్ చేస్తే లోగో దాకా వచ్చి ఆరిపోతుంది. పొద్దుగాల బాగానే ఉంటది.

వేడి. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, రేకుల గదిలో ఇంకా ఎక్కువ. ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద దుమ్ము ముద్దకట్టి ఉంటే వేడి బయటికి పోదు, సిస్టం తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. మూత తీసి, ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకుని, బ్లోయర్‌తో ఊదండి. అయినా తగ్గకపోతే ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ కొత్తగా పూయించండి. ఓఎస్ మళ్లీ వేసుకుంటే ఈ జబ్బు పోదు.

## లోగో వచ్చాక, మెనూ రాకముందు

"నో బూటబుల్ డివైస్" అని వస్తుంది. హార్డ్‌డిస్క్ పోయినట్టేనా?

వెనకాల పెన్‌డ్రైవ్ ఏదైనా మర్చిపోయారేమో ముందు చూసి తీసేయండి. చాలా ఇళ్లలో ఇంతే ఉంటుంది. తర్వాత బయోస్‌లోకి పోయి డిస్క్ పేరు కనబడుతుందో లేదో చూడండి.

పేరు కనబడితే డిస్క్ బతికే ఉంది. బూట్ వరుస గానీ, యూఈఎఫ్ఐ–లెగసీ మోడ్ గానీ మారి ఉంటుంది. కనబడకపోతే సిస్టం ఆపి, సాటా వైరును, పవర్ వైరును పీకి గట్టిగా పెట్టండి, బోర్డు మీద వేరే పోర్టుకు మార్చి చూడండి. ఈ వైర్లు వదులయ్యేది ఎక్కువగా ఇల్లు మారినప్పుడు, పండక్కి ఇల్లు దులిపినప్పుడు. వైర్లు మార్చినా కనబడక, డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి. లోపల సూది పలకకు తగిలే కొద్దీ ఫైళ్లు వెనక్కి వచ్చే అవకాశం తగ్గుతుంది. ఫైళ్లు ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి.

బూట్ మెనూకు ఏ కీ నొక్కాలె? ఎంత కొట్టినా విండోసే ఎక్కుతుంది.

లోగో రాకముందు నుంచే కీని టకటకా కొడుతూ ఉండాలి. డెల్, లెనోవో, ఏసర్‌లలో ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9 లేదా ముందు ఎస్కేప్. ఆసుస్ ల్యాప్‌టాప్‌లో ఎస్కేప్, ఆసుస్ డెస్క్‌టాప్ బోర్డులో ఎఫ్8. గిగాబైట్ బోర్డుకు ఎఫ్12, ఎంఎస్ఐకి, ఏఎస్‌రాక్‌కు ఎఫ్11. కొన్ని ఏసర్ ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లోకి పోయి ఎఫ్12 బూట్ మెనూను ముందు ఆన్ చేయాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాల్సి వస్తుంది.

కీ పట్టు దొరక్కపోతే ఇంకో దారి ఉంది. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెరలో "యూజ్ ఎ డివైస్" వస్తుంది. పెన్‌డ్రైవ్, ఉబుంటు రెండూ అక్కడే కనబడతాయి.

నిన్నటిదాకా ఓఎస్ ఎంచుకునే మెనూ వచ్చేది. విండోస్ అప్‌డేట్ అయినంక నేరుగా విండోసే ఎక్కుతుంది. ఉబుంటు పోయిందా అన్నా?

పోలేదు. విండోస్ పెద్ద అప్‌డేట్‌లప్పుడు తన బూట్ మేనేజర్‌ను వరుసలో ముందుకు జరుపుకోవడం తరచూ జరుగుతుంది. ఉబుంటు ఎక్కడిది అక్కడే ఉంటుంది. బయోస్‌లో బూట్ పేజీకి పోయి "విండోస్ బూట్ మేనేజర్" పైన "ఉబుంటు" పేరును పెట్టి, ఎఫ్10తో సేవ్ చేయండి. లినక్స్ మింట్ వేసుకున్నవాళ్లకు కూడా అక్కడ "ఉబుంటు" అనే కనబడుతుంది, కంగారు పడొద్దు.

ఉబుంటు పేరే వరుసలో లేకపోతే మింట్ పెన్‌డ్రైవ్‌తో (తయారీ చివరి భాగంలో ఉంది) లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే ఎక్కించి, మెనూలో అడ్మినిస్ట్రేషన్ కింద ఉన్న బూట్ రిపేర్ తెరిచి, సిఫారసు చేసిన మరమ్మతు నొక్కండి. నెట్ ఉండాలి, ఫోన్ హాట్‌స్పాట్ చాలు.

"వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్" అని చూపించి సిస్టం ఆగిపోతుంది. వైరస్సా?

వైరస్ కాదు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్ ఒకటి పాత లినక్స్ బూట్‌లోడర్లను (ఓఎస్‌ను లేపే ప్రోగ్రామ్‌లను) నమ్మకూడనివని గుర్తు పెట్టింది. రెండు ఓఎస్‌లున్న సిస్టంలను వదిలేయాల్సింది, కానీ అవి కూడా అందులో చిక్కాయి. బయోస్‌లో సెక్యూర్ బూట్ (నమ్మిన బూట్‌లోడర్లనే ఎక్కనిచ్చే కాపలా) ఆపేస్తే లినక్స్ ఎక్కుతుంది. ఎక్కాక అప్‌డేట్‌లన్నీ పూర్తిగా వేయండి, కొత్త షిమ్ (లినక్స్ బూట్‌లోడర్‌లో మొదటి ముక్క) వస్తుంది. తర్వాత సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేయండి. సెక్యూర్ బూట్ ముట్టుకునే ముందు విండోస్‌కు బిట్‌లాకర్ (డిస్క్‌కు పడే తాళం) ఉంటే దాని రికవరీ కీ దగ్గర పెట్టుకోవడం తప్పనిసరి.

కొత్త ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేద్దామంటే ఇన్‌స్టాలర్‌లో డిస్కే కనబడుతలేదు.

ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ను వీఎండీ లేదా ఆర్‌ఎస్‌టీ అనే పద్ధతిలో పెట్టి అమ్ముతారు, అందుకే కొన్నిసార్లు ఇన్‌స్టాలర్‌కు డిస్క్ దొరకదు. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. నేరుగా మారిస్తే మాత్రం విండోస్ నీలం తెర చూపిస్తుంది. సరైన వరుస ఇది: విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కు టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌లోకి పోయి వీఎండీ ఆపేయండి. విండోస్ సేఫ్ మోడ్‌లో ఎక్కి కొత్త పద్ధతికి అలవాటు పడుతుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో టిక్ తీసేయండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి అకౌంట్ పాస్‌వర్డ్, బిట్‌లాకర్ రికవరీ కీ ముందే రాసిపెట్టుకోండి.

## ఓఎస్ ఎంచుకునే మెనూ దగ్గర

నల్ల తెర మీద "గ్రబ్ రెస్క్యూ" అని వచ్చి కర్సర్ మిణుకుమంటుంది. ఏం కొట్టినా "అన్‌నోన్ కమాండ్" అంటుంది. ఏం చెయ్యాలె?

అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టేది ఈ తెరే. నిజానికి ఇది చెప్పేది ఒక్కటే: మెనూ చూపించే చిన్న ప్రోగ్రామ్ (దాని పేరే గ్రబ్) లేచింది, కానీ దాని మిగతా ఫైళ్లు ఉండాల్సిన పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) దొరకలేదు. ఆ పార్టిషన్‌ను ఎవరో తీసేసి ఉండాలి, లేదా దాని నంబరు మారి ఉండాలి. విండోస్‌లోకి పోయి "ఈ ఖాళీగా ఉన్న డ్రైవ్ ఏంటి" అని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో తీసేస్తే జరిగేది ఇదే. లినక్స్ పార్టిషన్ విండోస్‌కు పేరు లేని డ్రైవ్‌లాగా కనబడుతుంది, అందుకే మోసపోతారు.

లినక్స్ పార్టిషన్ ఇంకా ఉందా లేదా అన్నదాన్ని బట్టి పని మారుతుంది. ముందుగా ఎల్‌ఎస్ అని కొట్టండి. హెచ్‌డీ0, దాని పక్కన ఎంఎస్‌డాస్5 గానీ జీపీటీ5 గానీ ఉన్న పేర్లు వరుసగా వస్తాయి. ఎల్‌ఎస్ తర్వాత ఖాళీ ఇచ్చి, ఒక్కో పేరును బ్రాకెట్లతో సహా కొట్టి, చివర ఒక ఏటవాలు గీత పెట్టండి. ఏ పేరు దగ్గర బూట్, ఈటీసీ, హోమ్ లాంటి ఫోల్డర్ల పేర్లు వస్తే అదే మీ లినక్స్. అది ఐదోది అనుకుందాం. అప్పుడు ఈ నాలుగు వరుసలు కొట్టాలి:

సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ5)
సెట్ ప్రిఫిక్స్=(హెచ్‌డీ0,జీపీటీ5)/బూట్/గ్రబ్
ఇన్స్‌మాడ్ నార్మల్
నార్మల్

మామూలు మెనూ వచ్చేస్తుంది. ఇది ఈ ఒక్కసారికే. లినక్స్ ఎక్కాక టెర్మినల్‌లో (ఆదేశాలు కొట్టే కిటికీలో) గ్రబ్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేయాలి, లేదంటే మింట్ పెన్‌డ్రైవ్‌లోని బూట్ రిపేర్‌తో చేయించాలి. అప్పుడే శాశ్వతం.

ఏ పేరు దగ్గరా లినక్స్ ఫోల్డర్లు రాలేదంటే ఆ పార్టిషన్ పోయింది. అప్పుడు విండోస్ దాకా చేరుకుంటే చాలు. యూఈఎఫ్ఐ సిస్టం అయితే బూట్ మెనూ తెరిచి "విండోస్ బూట్ మేనేజర్" ఎంచుకోండి, నేరుగా ఎక్కుతుంది. పాత లెగసీ సిస్టం అయితే విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ పెట్టి, రిపేర్ యువర్ కంప్యూటర్, అందులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్ అని కొట్టండి. సీ, డీ డ్రైవ్‌లలోని ఫైళ్లను ఇది తాకదు.

మెనూ వస్తుంది కానీ అందులో విండోస్ పేరు లేదు. ఉబుంటు ఒక్కటే ఉంది.

గ్రబ్ 2.06 నుంచి పక్క ఓఎస్‌లను వెతికే పనిని భద్రత కోసం మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. ఆన్ చేయాలంటే ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే ఫోల్డర్ లోపలున్న గ్రబ్ ఫైల్‌ను అడ్మిన్‌గా తెరవండి. చివర కొత్త వరుసలో గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అని రాయండి. సమాన గుర్తుకు ముందున్నదంతా పెద్దక్షరాల్లో, ఫాల్స్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఎక్కడా ఖాళీ లేకుండా ఉండాలి. సేవ్ చేసి టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. "ఫౌండ్ విండోస్ బూట్ మేనేజర్" అని వస్తే పని అయినట్టే.

రాకపోతే విండోస్ ఒక మోడ్‌లో, లినక్స్ ఇంకో మోడ్‌లో వేసి ఉంటారు. విండోస్‌లో ఎంఎస్‌ఇన్‌ఫో32 తెరిస్తే బయోస్ మోడ్ అన్న వరుస ఉంటుంది. అక్కడ యూఈఎఫ్ఐ ఉంటే లినక్స్ కూడా యూఈఎఫ్ఐలోనే ఉండాలి. లెగసీ గ్రబ్ నుంచి యూఈఎఫ్ఐ విండోస్‌ను ఎక్కించలేం.

మెనూ కనబడకుండానే నేరుగా ఉబుంటు ఎక్కుతుంది.

లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. లెగసీ సిస్టంలో అయితే షిఫ్ట్ పట్టుకోండి. ఎప్పుడూ కనబడాలంటే గ్రబ్ సెట్టింగ్ ఫైల్‌లో గ్రబ్_టైమ్‌అవుట్_స్టైల్‌ను మెనూగా, గ్రబ్_టైమ్‌అవుట్‌ను 10గా మార్చి సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి.

మా నాయినకు మెనూలు అర్థం కావు. ఏం నొక్కకపోయినా విండోసే ఎక్కాలె. అయితదా?

అవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడే సిస్టంలో ఇది తప్పకుండా చేసిపెట్టండి, లేకపోతే రోజూ మీకు ఫోన్ వస్తుంది. మెనూలో విండోస్ ఎన్నో వరుసలో ఉందో పై నుంచి సున్నా, ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. ఈటీసీలోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ ఫైల్ తెరిచి గ్రబ్_డిఫాల్ట్ ఎదురుగా ఆ అంకె పెట్టి, సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. అంకె బదులు మెనూలో ఉన్న విండోస్ వరుసనంతా కోట్స్‌లో ఉన్నదున్నట్టు రాస్తే ఇంకా మేలు, మెనూలో వరుసలు అటూ ఇటూ అయినా తప్పు పోదు.

## విండోస్ ఎంచుకున్నాక

బయోస్‌లో ఏదో మార్చినంక విండోస్ నీలం తెరలో 48 అంకెల కీ అడుగుతుంది. నేనెప్పుడూ పెట్టలేదే?

మీరు పెట్టకపోయినా అదే పడి ఉండొచ్చు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ దానంతటదే తాళం పడుతుంది. దాన్నే బిట్‌లాకర్ అంటారు. సెక్యూర్ బూట్, టీపీఎం (భద్రతా చిప్), బూట్ వరుస లాంటివి మారితే దానికి అనుమానం వచ్చి రికవరీ కీ అడుగుతుంది.

మొదటి పని, బయోస్‌లో ఏం మార్చారో దాన్ని మళ్లీ పాతదానికే పెట్టడం. చాలాసార్లు అడగడం ఆగిపోతుంది. ఆగకపోతే ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ తెరిచి, డివైసెస్ విభాగంలో బిట్‌లాకర్ రికవరీ కీలు చూడండి. ల్యాప్‌టాప్ తెర మీద చూపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలు, ఆ పేజీలో ఉన్న ఐడీ ఒక్కటే కావాలి. ల్యాప్‌టాప్ కొన్నరోజు మీ అన్న ఈమెయిల్‌తోనో, షాపు అబ్బాయి ఈమెయిల్‌తోనో లాగిన్ చేసి ఉంటే కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తట్టదు, ముందు అక్కడ అడిగించండి.

కీ ఎక్కడా దొరక్కపోతే ఆ డిస్క్‌లోని ఫైళ్లు రావు, మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తీయలేరు. అందుకే విండోస్ పక్కన లినక్స్ వేసే ముందు కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టమని అందరికీ చెబుతాను.

"ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలం తెర వచ్చి రీస్టార్ట్ అవుతూనే ఉంది.

ఎక్కువగా బయోస్‌లో సాటా లేదా వీఎండీ మోడ్ మారి ఉంటుంది. లినక్స్ వేయడానికి మీరు మార్చి ఉండొచ్చు, బటన్ బ్యాటరీ పోయి అదే మారి ఉండొచ్చు. అదే కారణమైతే పాత మోడ్‌కు పెట్టగానే విండోస్ ఎక్కుతుంది.

"ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" అని గంటల తరబడి తిరుగుతుంది. లినక్స్ మాత్రం ఎక్కుతుంది.

లినక్స్ ఎక్కుతుంటే మీ చేతిలో మంచి అవకాశం ఉన్నట్టే. ముందు లినక్స్‌లోంచి విండోస్ డ్రైవ్ తెరిచి యూజర్స్ ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ చేసుకోండి. తర్వాత డిస్క్స్ అనే ప్రోగ్రామ్‌లో డిస్క్‌ను ఎంచుకుని స్మార్ట్ డేటా (డిస్క్ ఆరోగ్యం లెక్కలు) చూడండి. రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు సున్నా కాకుండా పెరుగుతూ పోతుంటే డిస్క్ ముగింపుకొచ్చింది, విండోస్‌ను బాగు చేయడం వృథా. అవి సున్నా ఉంటే విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ పెట్టి, రిపేర్ యువర్ కంప్యూటర్‌లో స్టార్టప్ రిపేర్, అదీ పనిచేయకపోతే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ప్రయత్నించండి.

## లినక్స్ ఎంచుకున్నాక

నిన్న గాలిదుమారానికి కరెంటు పోయింది. ఇప్పుడు ఉబుంటు "ఇనిట్‌రామ్ఎఫ్ఎస్" అని ఆగిపోయింది.

ఏదో రాస్తుండగా కరెంటు పోవడంతో ఫైల్ సిస్టంలో లెక్క తప్పింది. తెర మీద పైన "మాన్యువల్ ఎఫ్‌ఎస్‌సీకే" అడుగుతూ పార్టిషన్ పేరు ఉంటుంది, /డెవ్/ఎస్‌డీఏ5 లాగా. మీ తెర మీద ఏ పేరు ఉంటే అదే పెట్టి ఎఫ్‌ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ5 అని కొట్టండి. బోలెడు వరుసలు పరుగెడతాయి, కంగారు పడకండి. అయ్యాక ఎగ్జిట్ కొట్టండి.

కరెంటు పోనిరోజున కూడా ఇదే తెర మళ్లీ మళ్లీ వస్తే డిస్క్ చెడిపోతోంది, ఫైళ్లు ఆ రోజే కాపీ చేసుకోండి. వైశాఖంలో సాయంత్రం పూట దుమారం లేచే ఊళ్లలో డెస్క్‌టాప్‌కు చిన్న యూపీఎస్ పెట్టడం ఖర్చు అనుకోవద్దు. షట్‌డౌన్ చేసుకునేంత సేపు నిలిస్తే చాలు.

ఉబుంటు ఎక్కడానికి నిమిషంన్నర పడుతుంది, తర్వాత "ఎమర్జెన్సీ మోడ్" అంటుంది.

బూట్ అయ్యేటప్పుడు ఏయే పార్టిషన్లు కలపాలో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్‌లో రాసి ఉంటుంది. విండోస్‌లోంచి అందులో ఒకదాన్ని ఫార్మాట్ చేస్తే దాని గుర్తింపు సంఖ్య మారుతుంది. లినక్స్ పాత సంఖ్య కోసం 1 నిమిషం 30 సెకన్లు చూసి, దొరకక ఆగుతుంది. ఎమర్జెన్సీ మోడ్‌లో ఎంటర్ నొక్కి, ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొడితే ఇప్పటి సంఖ్యలు వస్తాయి, చూసి పెట్టుకోండి. తర్వాత నానో /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ కొట్టి ఆ ఫైల్ తెరవండి. సరిపోలని వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేసి రీబూట్ చేయండి. రూట్ వరుసను (ఒక్క / గుర్తు విడిగా ఉన్నదాన్ని) మాత్రం ముట్టుకోవద్దు.

ఉబుంటు లోగో వచ్చి తెర నల్లగా అయిపోతుంది. ఎన్విడియా కార్డు ఉంది.

గ్రబ్ మెనూలో ఉబుంటు మీద ఉండి ఇ నొక్కండి. లినక్స్ అని మొదలయ్యే పొడుగు వరుస చివర, క్వైట్ స్ప్లాష్ తర్వాత ఖాళీ ఇచ్చి నోమోడ్‌సెట్ చేర్చి, ఎఫ్10 నొక్కండి. తెర వస్తుంది, కానీ ఈసారికే. ఎక్కాక అడిషనల్ డ్రైవర్స్‌లో (మింట్‌లో అయితే డ్రైవర్ మేనేజర్‌లో) ఎన్విడియా డ్రైవర్ వేసుకోండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే అప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వస్తే "ఎన్‌రోల్ ఎంఓకే" ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది, దాటిపోతే డ్రైవర్ పనిచేయదు.

పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్న, మళ్లీ లాగిన్ పేజీకే వస్తుంది.

ఎక్కువగా డిస్క్ నిండిపోయి ఉంటుంది. లినక్స్‌కు 20 జీబీ ఇచ్చి సరిపెట్టిన సిస్టంలలో చూస్తుంటాం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెరలో లాగిన్ వస్తుంది. డీఎఫ్ -హెచ్ కొడితే రూట్ ఎదురుగా 100 శాతం కనబడుతుంది. సుడో ఆప్ట్ క్లీన్, తర్వాత సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ కొట్టి రీబూట్ చేయండి. ఉబుంటు డెస్క్‌టాప్‌కు కనీసం 25 జీబీ కావాలని వాళ్లే చెబుతారు. ఇంటి వాడకానికి 50 ఇవ్వండి.

కొత్త అప్‌డేట్ అయినప్పటి నుంచి ఎక్కుతలేదు. పాతదానికి పోవచ్చా?

పోవచ్చు. గ్రబ్ మెనూలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" తెరిచి, రెండో కెర్నెల్‌ను (లినక్స్ అసలు గుండెకాయ ఇదే) ఎంచుకోండి. పాత కెర్నెల్‌ను ఉబుంటు ఇందుకే ఉంచుతుంది.

## రెండూ ఎక్కుతున్నాయి, కానీ

ఉబుంటు వాడి విండోస్‌కు వస్తే టైమ్ అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది.

పొద్దున 10 అయితే విండోస్‌లో 4:30 చూపిస్తుంది, అంతే కదా. బోర్డు గడియారంలో ఉన్నది మన టైమే అని విండోస్ అనుకుంటుంది. లినక్స్ అందులో గ్రీనిచ్ టైమ్ రాస్తుంది. మనకూ గ్రీనిచ్‌కూ తేడా అయిదున్నర గంటలే. లినక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఒకసారి కొట్టి, తర్వాత విండోస్‌లో సింక్ నౌ నొక్కితే సరిపోతుంది. టైమ్ తప్పుంటే బ్యాంకు వెబ్‌సైట్లు కూడా తెరుచుకోకపోవచ్చు, వదిలేయకండి.

లినక్స్‌లో డీ డ్రైవ్ తెరుచుకుంటుంది, అందులో ఏం సేవ్ కాదు.

విండోస్ నిజంగా షట్‌డౌన్ కాలేదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉంది, అందుకే లినక్స్ ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తోంది. బలవంతంగా రాయించే చిట్కాలు నెట్‌లో ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు, ఫైళ్లు చెడిపోతాయి. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ" తెరిచి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. రెండు ఓఎస్‌లున్న ప్రతి సిస్టంలో మొదటిరోజే చేయాల్సిన పని ఇది.

## షాపుకు ఇచ్చే ముందు, ఒక ఓఎస్ తీసేసే ముందు

షాపులో చూపిస్తే ఫార్మాట్ కొట్టాల్సిందే అన్నారు. నిజమేనా?

ఫార్మాట్ కొట్టాల్సిన సందర్భాలు తక్కువ. ఒప్పుకునే ముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఇంకో సిస్టంలో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద లినక్స్ మింట్ రాయించి, దాంతో లైవ్‌గా ఎక్కించండి. ఇన్‌స్టాల్ నొక్కొద్దు. ఫైల్ మేనేజర్‌లో మీ డ్రైవ్‌లు తెరుచుకుంటే ఫోటోలు, కాగితాలు అన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ చేసుకోండి. ఆ తర్వాత షాపువాళ్లు ఏం చేసినా మీకు నష్టం లేదు.

ఇచ్చేటప్పుడు "రెండు ఓఎస్‌లున్నాయి, బూట్ ఒక్కటే బాగు చేయండి, నన్ను అడగకుండా ఏ డ్రైవ్‌నూ తీసేయొద్దు" అని కాగితం మీద రాసి సిస్టంకు అతికించండి. నోటిమాట మధ్యాహ్నానికల్లా మరుస్తారు. డిస్క్ నుంచి శబ్దం వస్తుంటే మాత్రం పరీక్షలు ఆపి, సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపుల సముదాయం) లాంటి చోట డేటా రికవరీ చేసేవాళ్లను వెతకాలి, ముందు ఖర్చు ఎంతో రాయించుకుని.

ఇక ఉబుంటు వద్దు, విండోస్ ఒక్కటే చాలు. ఎట్ల తీసెయ్యాలె?

పార్టిషన్‌ను ముందు తీసేయకండి. బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటికి తెచ్చి, మెనూ లేకుండా నేరుగా విండోస్ ఎక్కుతోందని చూసుకోండి. పాత లెగసీ సిస్టంలో అయితే విండోస్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కించి కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్ కొట్టాలి. లినక్స్ హోమ్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు తీసుకున్నారా అన్నది ఈలోపే చూసుకోవాలి, విండోస్‌లోంచి ఆ ఫోల్డర్ మామూలుగా కనబడదు.

ఇవి అయ్యాకే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి లినక్స్ పార్టిషన్‌ను డిలీట్ చేయండి. పక్కనే 100 లేదా 260 ఎంబీతో "ఈఎఫ్ఐ సిస్టం పార్టిషన్" అని ఒకటి ఉంటుంది, దాన్ని తాకితే విండోస్ కూడా ఎక్కదు. మిగిలిన ఖాళీ సీ డ్రైవ్‌కు కుడి పక్కనే ఆనుకుని ఉంటేనే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ పనిచేస్తుంది. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డం ఉంటే ఆ ఖాళీని కొత్త డ్రైవ్‌గా చేసుకుని వాడుకోండి.